24 పాడ్‌లు లేచినా చిన్న హేచరీకి అలర్ట్ 2 గంటల 46 నిమిషాలు లేటు: ఆటోస్కేలింగ్‌లో ఎక్కడ తప్పు చేశాను?

రుషికొండ_డేటా రాసిన ప్రశ్న

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో రుషికొండ ఐటీ హిల్ మీద ఐదుగురం కలిసి నడుపుకుంటున్న చిన్న కంపెనీ మాది. అందులో డేటా పని నాది. రొయ్యల చెరువుల్లో, రొయ్య పిల్లల్ని పెంచే హేచరీల్లో, కోల్డ్ స్టోరేజీల్లో పెట్టిన సెన్సర్ల రీడింగులు మా దగ్గరికి వస్తాయి. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, ఉష్ణోగ్రత, కరెంటు ఉందా లేదా, ఇవే ముఖ్యం. ఏదైనా గీత దాటితే యజమానికి ఎస్సెమ్మెస్, వెంటనే ఫోన్ కాల్ వెళ్ళాలి. 41 మంది కస్టమర్లు, 6,000 సెన్సర్లు, ఒక్కోదాని నుంచి నిమిషానికో రీడింగ్. అంటే సెకనుకు 100. మామూలు రోజుల్లో మా సిస్టమ్‌కి ఇది ఏ మూలకీ రాదు.

అందరి డేటా ఒకే కాఫ్కా టాపిక్‌లోకి, అంటే రీడింగులు వంతు కోసం ఆగే క్యూలోకి, వస్తుంది. దానిలో 24 పార్టిషన్లు, అంటే లైన్లు; ఏ రీడింగ్ ఏ లైనులోకి వెళ్ళాలో తేల్చే కీ కస్టమర్ ఐడీ. జావాలో రాసిన వర్కర్ పాడ్‌లు, అంటే ఒకే ప్రోగ్రామ్ కాపీలు, మూడు. ఒక్కో రీడింగ్‌ని చదివి, గీత దాటిందేమో చూసి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రాస్తాయి. ఒక్కోదానికి సుమారు 10 మిల్లీసెకన్లు, అంటే ఒక పాడ్ సెకనుకు 100 చేయగలదు. మొదట్లో సీపీయూ ఎంత బిజీగా ఉందో చూసి పాడ్‌లు వాటంతటవే పెరిగేలా (ఆటోస్కేలింగ్) పెట్టాం. వర్కర్ ఎక్కువసేపు డేటాబేస్ కోసం ఎదురుచూస్తూ ఉండేది కాబట్టి, పని పేరుకుపోయినా సీపీయూ 30 శాతం దాటేది కాదు, కొత్త పాడ్‌లు లేచేవి కావు. అందుకని మార్చిలో కెడా అనే స్కేలింగ్ టూల్ పెట్టి, కాఫ్కా ల్యాగ్‌ని, అంటే ఇంకా చదవకుండా మిగిలిన రీడింగుల సంఖ్యని, బట్టి పెరిగేలా మార్చాను. ఇక బెంగ లేదనుకున్నాను.

మే రెండో వారంలో ఒక సాయంత్రం ఈదురుగాలి, పిడుగులు. మా అతిపెద్ద కస్టమర్‌కి గోదావరి జిల్లాల్లో 2,400 సెన్సర్లున్నాయి. అక్కడ 4:20కి కరెంటూ పోయింది, టవర్లూ పోయాయి. సెన్సర్లకి బ్యాటరీ ఉంది కాబట్టి గేట్‌వేలు (సెన్సర్ల రీడింగులు పోగుచేసి మాకు పంపే పెట్టెలు) వాటిని దాచుకుంటూనే ఉన్నాయి. రాత్రి 1:20కి నెట్‌వర్క్ తిరిగొచ్చింది. తొమ్మిది గంటల డేటా, అంటే 12,96,000 రీడింగులు, పది నిమిషాల్లో మా మీద పడ్డాయి.

కెడా నేను చెప్పినట్టే చేసింది. 3 పాడ్‌లు 24 అయ్యాయి. ఇంట్లో ఫోన్‌లో గ్రాఫ్ చూసి ఊపిరి పీల్చుకున్నాను. 1:30కి పోస్ట్‌గ్రెస్ నుంచి ఎర్రర్లు మొదలయ్యాయి: కనెక్షన్లు ఇక ఇవ్వలేనని. ఒక్క కస్టమర్‌ది కూడా కదలడం లేదు. ఏం చేయాలో తెలియక 2:10కి చేత్తో ఆరు పాడ్‌లకి తగ్గించాను. ఎర్రర్లు ఆగాయి, ల్యాగ్ మెల్లగా దిగుతోంది. తెల్లారేసరికి సర్దుకుంటుందిలే అని పడుకున్నాను.

పూసపాటిరేగ వైపు ఒక చిన్న హేచరీ ఉంది, మొత్తం 12 సెన్సర్లు. వాళ్ళ దగ్గర వాన లేదు, కరెంటు పోలేదు. తెల్లవారుజామున 3:50కి ఒక సెక్షన్‌లో నీళ్ళలోకి గాలి ఊదే బ్లోయర్ బెల్టు తెగి ఆక్సిజన్ పడిపోయింది. ఆ రీడింగ్ మాకు ఆ నిమిషమే చేరింది. దానికి ఎస్సెమ్మెస్ వెళ్ళింది 6:36కి.

6:40కి ఆయన ఫోన్ చేశారు. "ఏటమ్మా, ఇప్పుడొచ్చింది మీ మెసేజీ. ఐదింటికి మావోడు లేచి చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఒక ట్యాంకు పిల్ల పోయింది" అన్నారు. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో. నెలనెలా డబ్బు కట్టి ఆయన మా దగ్గర కొన్నది ఆ ఒక్క మెసేజీనే.

అలాంటి రాత్రి మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఎప్పుడూ 24 పాడ్‌లు, పెద్ద డేటాబేస్ పెట్టుకునే స్తోమత మాకు లేదు. పైగా జూన్ 14తో 61 రోజుల చేపల వేట నిషేధం ముగుస్తుంది, హార్బర్ దగ్గరి కోల్డ్ స్టోరేజీలన్నీ మళ్ళీ నిండుతాయి. తర్వాత అక్టోబరు, నవంబరు తుఫాన్లు. ఇలాంటి ట్రాఫిక్‌కి ఆటోస్కేలింగ్ ఎలా పెట్టాలి? కెడా సెట్టింగుల్లో తప్పుందా, డిజైన్‌లోనే తప్పుందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


మధురవాడ_బ్యాకెండ్ జవాబు

మేడమ్, ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్. లెక్కలు ఇచ్చారు కాబట్టి కారణం ఇక్కడే కనబడుతోంది. మీ కీ కస్టమర్ ఐడీ. అంటే ఆ పెద్ద కస్టమర్ రీడింగులన్నీ ఒకే పార్టిషన్‌లోకి వెళ్ళాయి. కాఫ్కాలో ఒక కన్స్యూమర్ గ్రూపులో (టాపిక్‌ని పంచుకుని చదివే పాడ్‌ల గుంపులో) ఒక పార్టిషన్‌ని ఒకేసారి ఒక్క కన్స్యూమరే, అంటే ఒక్క పాడే, చదవగలదు. మీరు 24 పాడ్‌లు లేపినా ఆ 13 లక్షల్ని తవ్వుతున్నది ఒక్క పాడ్. మిగతా 23 ఖాళీగానే ఉన్నాయి.

ఒక్క లైనులో లక్షమంది నిలబడి ఉంటే, పక్కన ఇంకో 23 లైన్లు తెరిచినా ఆ లక్షమందిలో ఒక్కరికీ దర్శనం త్వరగా కాదు. చందనోత్సవం నాడు సింహాచలం వెళ్ళినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ పాడ్ సెకనుకు 100 చేస్తుంది. అదే కస్టమర్ కొత్త రీడింగులు సెకనుకు 40 వస్తూనే ఉన్నాయి. మిగిలేది 60. 12,96,000ని 60తో భాగిస్తే 21,600 సెకన్లు, సరిగ్గా ఆరు గంటలు. మీరు ఎన్ని పాడ్‌లు పెట్టినా ఆరు గంటలే. 41 మంది 24 పార్టిషన్లలో సర్దుకోవాలి కాబట్టి కొందరు పార్టిషన్ పంచుకోక తప్పదు. మీ హేచరీకి ఆ పెద్దాయన పార్టిషనే పడింది. కనెక్షన్ ఎర్రర్ల నలభై నిమిషాలు కూడా కలిపితే 3:50కి ఆ పార్టిషన్‌లో ఇంకా సుమారు పది లక్షలు మిగిలి ఉంటాయి. సెకనుకు 100 చొప్పున రెండు గంటల 46 నిమిషాలు. మీరు చెప్పిన 6:36 అక్కడి నుంచే వచ్చింది.

కెడా ఆ టాపిక్ మొత్తం ల్యాగ్ చూసింది, అది ఏ పార్టిషన్‌లో ఉందో చూడలేదు. ల్యాగ్ ఉన్న పార్టిషన్ల సంఖ్యకి మించి పాడ్‌లు పెంచొద్దని చెప్పే సెట్టింగ్ కాఫ్కా స్కేలర్‌లో ఉంది, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. అది ఆన్ చేసి ఉంటే ఉత్తుత్తి పాడ్‌లు లేచేవి కావు, డేటాబేస్ అయినా బతికేది.

నా సలహా ఇదీ. రీడింగ్ మీ దగ్గరికి రాగానే దాని టైమ్ చూడండి. ఐదు నిమిషాల లోపుదైతే లైవ్ టాపిక్, అంతకంటే పాతదైతే బ్యాక్‌లాగ్ టాపిక్. రెండిటికీ వేర్వేరు వర్కర్లు. ఎనిమిది గంటల క్రితం చెరువులో ఆక్సిజన్ ఎంతుందో తెలుసుకోవడం రిపోర్టుకి పనికొస్తుంది. ఇప్పుడు ఎంతుందో తెలియడం మీదే రొయ్య బతుకు ఆధారపడి ఉంది. ఈ రెండింటినీ ఒకే వరసలో నిలబెట్టడమే అసలు పొరపాటు, స్కేలింగ్ దాని తర్వాతి మాట.

లైవ్ టాపిక్‌లో కీ సెన్సర్ ఐడీగా పెట్టండి. ఉన్న టాపిక్‌లో కీ మార్చినా, పార్టిషన్లు పెంచినా ఒకే సెన్సర్ పాత రీడింగులు ఒక పార్టిషన్‌లో, కొత్తవి ఇంకో దానిలో పడి వరస చెదురుతుంది. కొత్త టాపిక్ పెట్టి మెల్లగా అందులోకి మారండి.


పాత_ఫీడర్ జవాబు

అమ్మా, నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు. గాజువాకలో ఉంటాను. విద్యుత్ పంపిణీలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి మీ రంగంలోనే ఉన్నాడు, నీ పోస్టు వాడే చూపించాడు. చదువుతుంటే మా పనిలో రోజూ చూసినదే కనబడింది, అందుకే రాస్తున్నాను.

కరెంటు చాలాసేపు పోయి తిరిగొచ్చినప్పుడు, ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకి కరెంటు తీసుకెళ్ళే లైను) మీద లోడు మామూలు కంటే ఎంతో ఎక్కువ పడుతుంది. మామూలప్పుడు ఒక ఇంట్లో ఫ్రిజ్ నడుస్తుంటే పక్కింట్లో ఆగి ఉంటుంది, ఒకరి మోటారు పొద్దున, ఇంకొకరిది సాయంత్రం. గంటల తరబడి పోయాక అన్ని ఫ్రిజ్‌లూ వేడెక్కి ఉంటాయి, అన్ని ట్యాంకులూ ఖాళీ అయి ఉంటాయి. స్విచ్ వేయగానే అన్నీ ఒక్కసారి లాగుతాయి. దీన్ని కోల్డ్ లోడ్ పికప్ అంటారు. అందుకే సబ్‌స్టేషన్‌లో అన్ని ఫీడర్లూ ఒకేసారి ఛార్జ్ చేయం. ఒకటి వేసి, కుదురుకున్నాక ఇంకోటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటింది కదా, ఆ తర్వాతి రోజులు చూసినవాళ్ళెవరికీ ఈ ఓపిక విలువ చెప్పక్కర్లేదు.

నీ గేట్‌వేలు చేసింది అదే. నెట్‌వర్క్ రాగానే అన్నీ ఒక్కసారి ఎగబడ్డాయి. వాటిని విడతలుగా రమ్మను. ఆసుపత్రి ఫీడర్ ముందు, మిగతావి తర్వాత అన్నట్టు, ఒక్కో గేట్‌వే ముందు ఈ నిమిషం రీడింగ్ పంపి, పాతవి తర్వాత తీరిగ్గా పంపేలా చేయి. లోడు వచ్చాక ట్రాన్స్‌ఫార్మర్ పెద్దది వేద్దాం అనుకుంటే ఈలోపు ఉన్నది కాలిపోతుంది తల్లీ. నీ డేటాబేస్‌కి అయింది కూడా అదే అనిపిస్తోంది.


రుషికొండ_డేటా

బ్యాకెండ్ గారూ, మీ లెక్క చదివి లేచి నిలబడ్డాను. ఆరు గంటలు, పది లక్షలు, 6:36, అన్నీ మా గ్రాఫ్‌తో కలిశాయి. వారం రోజులుగా కెడా సెట్టింగులే తిప్పుతున్నాను, కీ వైపు చూడనే లేదు.

ఫీడర్ మాస్టారూ, నమస్కారం. మీరు రాసింది మా టీమ్ అంతటికీ చదివి వినిపించాను. ఆ కస్టమర్ దగ్గర మొత్తం 160 గేట్‌వేలు. వాటి లోపలి ప్రోగ్రామ్ మార్చాలంటే కొన్నింటికి చెరువు గట్టు మీదికి మనిషి వెళ్ళాలి, నెలలు పడుతుంది. కానీ మా సర్వర్ "ఇప్పుడు కాదు, ఇన్ని సెకన్లాగి రా" అని 429 జవాబిస్తే ఆగే తెలివి వాటికి ఉంది. ఒక్కో గేట్‌వేకి ఒక్కో సంఖ్య, 60 నుంచి 1,200 సెకన్ల మధ్య ఏదో ఒకటి ఇస్తాను. అందరికీ ఒకే సంఖ్య ఇస్తే అందరూ మళ్ళీ ఒకేసారి తిరిగొస్తారు కదా.

రెండు సందేహాలు. ఒకటి, ఆ పెద్ద కస్టమర్ మా ఆదాయంలో పెద్ద భాగం. వాళ్ళ బ్యాక్‌లాగ్‌ని వెనక్కి నెడితే ఏమంటారో. రెండు, బ్యాక్‌లాగ్‌లో కూడా గీత దాటిన రీడింగులుంటాయి. వాటికి అలర్ట్ పంపాలా? ఆ రాత్రి పాత రీడింగులకి కూడా వరసగా ఫోన్లు వెళ్ళాయి. ఒక సూపర్‌వైజర్‌కి 70 కాల్స్ వచ్చాయట, చివరికి ఫోన్ ఆపేశారు.


ఆరిలోవ_డీబీఏ జవాబు

పైవాళ్ళు చెప్పినవాటితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ పాడ్‌ల సంగతి ఇంకా తేలలేదు, డేటాబేస్ సంగతి అసలు మొదలే కాలేదు.

మీ వర్కర్ జావా అన్నారు. కనెక్షన్ పూల్ హికారీ అయి ఉంటుంది, డిఫాల్ట్‌గా పది కనెక్షన్లు తెరిచి పట్టుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో మొత్తం కనెక్షన్ల పరిమితి డిఫాల్ట్ 100. మూడు పాడ్‌లకి 30, సరే. 24 పాడ్‌లకి 240. పదో పాడ్ లేచేసరికే తలుపు మూసుకుపోయింది. మీ వర్కర్ ఒకసారికి ఒక్క రీడింగే రాస్తుంది. దానికి పది కనెక్షన్లెందుకు? రెండు చాలు. లేదా కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ మధ్యలో పెట్టండి. పరిమితిని 500 చేసేద్దామని మాత్రం అనుకోకండి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్ ఒక్కో ప్రాసెస్, మెమరీ తింటుంది, ఉన్న సీపీయూ కోసం అన్నీ కొట్టుకుంటాయి.

ఇక అసలు విషయం. ఒక్క రీడింగ్‌కి 10 మిల్లీసెకన్లంటే నాకు మనసొప్పడం లేదు. ఒక్కోదానికి విడిగా కమిట్ చేస్తున్నారు, అంటే రాసింది ఖరారు చేస్తున్నారు కదూ? ప్రతి కమిట్‌కీ డిస్క్ మీద రాయడం పూర్తయ్యేదాకా ఆగాలి. వందో రెండొందలో కలిపి ఒకే కమిట్‌లో రాయండి. సెన్సర్ ఐడీ, టైమ్ కలిపి యూనిక్ కీ పెట్టి, ఉన్నదే మళ్ళీ వస్తే వదిలేసేలా చేయండి. అప్పుడు గేట్‌వే పంపిందే మళ్ళీ పంపినా, వర్కర్ మధ్యలో పడిపోయి మొదటి నుంచి చదివినా నష్టం లేదు. ఇది చేశాక ఎన్ని పాడ్‌లు కావాలో చూడండి. చాలాచోట్ల ఆటోస్కేలింగ్ మీద పెట్టిన కష్టం, నెమ్మదిగా ఉన్న ఒక్క కోడ్ లైను మీద పెట్టి ఉంటే సరిపోయేది. ఈ మాట మీద నాతో చాలామంది గొడవపడ్డారు, నేను మాత్రం మారలేదు.

స్కేలింగ్ గురించి. పాడ్‌లని నడిపే కుబర్నెటీస్‌లో వాటి సంఖ్య మార్చే భాగం హెచ్‌పీఏ, డిఫాల్ట్‌గా 15 సెకన్లకోసారి చూస్తుంది. ఉన్న పాడ్‌ల సంఖ్యని, ఇప్పటి కొలతకీ మీరు కోరిన కొలతకీ ఉన్న నిష్పత్తితో గుణించి పైకి సవరిస్తుంది. తగ్గించేటప్పుడు ఐదు నిమిషాలు ఆగి చూస్తుంది. కెడా దాని మీదే నడుస్తుంది, సొంతంగా క్యూని 30 సెకన్లకోసారి అడుగుతుంది. దీని మీద కొత్త నోడ్, అంటే పాడ్‌లు నడిచే మెషీన్, రావాలంటే అది లేవాలి, ప్రోగ్రామ్ ఇమేజ్ దిగాలి, జావా వేడెక్కాలి. మీ దగ్గర మొత్తం ఎంత పడుతోందో గడియారం పెట్టి కొలవండి. వరద పది నిమిషాల్లో వచ్చి పడితే నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చే సాయం అలర్ట్‌కి పనికిరాదు. అందుకే లైవ్ దారికి ముందే ఖాళీ ఉంచుకోవాలి. రాకకి ఒక పద్ధతంటూ లేని మామూలు క్యూ లెక్కలో, వర్కర్ 50 శాతం బిజీగా ఉంటే సగటున ఒక పని పట్టేంత సేపు ఆగాలి. 80 శాతమైతే నాలుగింతలు, 90 అయితే తొమ్మిదింతలు, 95కి పందొమ్మిదింతలు. లైవ్ దారిని 50, 60 దాటనివ్వకండి. బ్యాక్‌లాగ్ దారిని 95 మీద నడిపినా నష్టం లేదు.

ల్యాగ్‌ని సంఖ్యలో కొలవడం కూడా మానేయండి. పదివేలు పేరుకున్నాయంటే ఎక్కువా తక్కువా? పాడ్ సెకనుకు 100 చేస్తే ఎక్కువ, 2,000 చేస్తే ఐదు సెకన్ల పని. క్యూ ముందున్న రీడింగ్ వయసెంత అని అడగండి. కస్టమర్‌కి తగిలేది ఆ ఆలస్యమే.

ఒక్కదానికి మాత్రం బ్యాకెండ్ గారితో ఒప్పుకోను. సెన్సర్ ఐడీ కీ అయితే పెద్ద కస్టమర్ వరద అన్ని పార్టిషన్లలోకీ పాకుతుంది. మొన్న ఆ పార్టిషన్ పంచుకున్నవాళ్ళే నష్టపోయారు, ఇక 41 మందీ నష్టపోతారు.


మధురవాడ_బ్యాకెండ్

ఆరిలోవ మేడమ్, మంచి పాయింట్. రెండు దారులు విడగొట్టకపోతే మీరు చెప్పిందే జరుగుతుంది. విడగొట్టాక లైవ్ దారిలోకి ఐదు నిమిషాల లోపు రీడింగులే వస్తాయి. 2,400 సెన్సర్ల నుంచి ఐదు నిమిషాలకి 12,000 కంటే ఎక్కువ రావడానికి వీల్లేదు. అందుకే అక్కడ పంచడం ప్రమాదం కాదు. ఎవరిదైనా పరికరం చెడి సెకనుకి వంద పంపడం మొదలుపెడితే ఆపడానికి, ముందే కస్టమర్‌కింత అని వేగానికి హద్దు పెట్టే ఒక టోకెన్ బకెట్ పెట్టండి.

బ్యాక్‌లాగ్ దారిలో మాత్రం కీ కస్టమర్ ఐడీగానే ఉంచాలి, అదీ ఒక్కో కస్టమర్‌కి ఒక్కో సొంత పార్టిషన్ చొప్పున. వర్కర్ ఒక కస్టమర్ నుంచి కొన్ని తీసుకుని, ఆ పార్టిషన్‌ని కాసేపు పాజ్ చేసి తర్వాతి కస్టమర్ దగ్గరికి వెళ్ళాలి. కాఫ్కా కన్స్యూమర్‌లో పాజ్, రెజ్యూమ్ రెండూ ఉన్నాయి. ఇలా తిరిగితే 2,000 రీడింగులే ఉన్న చిన్నవాడు 13 లక్షల వెనక నిలబడే పని లేదు. కాఫ్కా డిఫాల్ట్‌గా ఏడు రోజులు దాచుతుంది కాబట్టి బ్యాక్‌లాగ్ గంట ఆలస్యమైనా ఏదీ పోదు.

రుషికొండ మేడమ్, పాత రీడింగులకి అలర్ట్ వద్దు. తెల్లారాక "రాత్రి ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా ఫలానా చెరువులో ఆక్సిజన్ తక్కువుంది" అని ఒక్క రిపోర్టు చాలు. మీ పెద్ద కస్టమర్‌కి కూడా ఇదే చెప్పండి. ఆ రాత్రి వాళ్ళ లైవ్ రీడింగులు కూడా వాళ్ళ పాత రీడింగుల వెనకే ఇరుక్కున్నాయి. ఈ మార్పుతో అందరికంటే ఎక్కువ లాభం వాళ్ళకే.

ఇంకొకటి. పాడ్‌లు ఒక్కొక్కటిగా లేచినప్పుడల్లా కన్స్యూమర్ గ్రూపులో పార్టిషన్ల పంపకం మళ్ళీ జరుగుతుంది. పాత పద్ధతిలో అయితే ఆ కాసేపు అందరూ ఆగిపోతారు. కాఫ్కా 2.4 నుంచి కోఆపరేటివ్ పద్ధతి ఉంది, మారాల్సిన పార్టిషన్లు మాత్రమే ఆగుతాయి. మీరు ఏది వాడుతున్నారో చూసుకోండి.


రుషికొండ_డేటా, మూడు వారాల తర్వాత

అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది. ఆరిలోవ మేడమ్, మీరు ఊహించింది నిజం. ఒక్కో రీడింగ్‌కి ఒక్కో కమిట్. 200 చొప్పున కలిపి రాయగానే ఒక పాడ్ సెకనుకు 100 నుంచి 1,400కి వెళ్ళింది. కోడ్‌లో మారింది 40 లైన్లు కూడా లేవు. పూల్ రెండు కనెక్షన్లకి తగ్గించాం. కొత్త నోడ్ వచ్చి పాడ్ పని మొదలుపెట్టడానికి మా దగ్గర 3 నిమిషాల 40 సెకన్లు పడుతోంది. అందుకని తక్కువ ప్రాధాన్యంతో ఏ పనీ చేయని ఒక పాడ్‌ని పెట్టాం. అది నోడ్‌లో చోటు పట్టుకుని ఉంటుంది, అసలు పాడ్ రాగానే తప్పుకుంటుంది. ఇప్పుడు లైవ్ పాడ్ లేవడానికి 20 సెకన్లు చాలు.

గత శనివారం ఆ రాత్రి డేటా మొత్తాన్ని, 12,96,000 రీడింగుల్నీ, విడిగా పెట్టిన టెస్ట్ సిస్టమ్ మీదికి అదే వేగంతో వదిలాం. నలుగురం స్క్రీన్ ముందు కూర్చున్నాం, భోజనానికి కూడా లేవలేదు. బ్యాక్‌లాగ్ దారి సెకనుకు 600 దాటకుండా కట్టేశాం, డేటాబేస్‌కి ఊపిరాడాలని. 36 నిమిషాల్లో అయిపోయింది. అన్నీ కలిపి అత్యధికంగా లేచినవి 4 పాడ్‌లు. డేటాబేస్ కనెక్షన్లు డ్యాష్‌బోర్డువి కూడా కలిపి 38 దాటలేదు. హేచరీ 3:50 రీడింగ్‌కి అలర్ట్ నాలుగు సెకన్లలో వెళ్ళింది. ఆ వరస స్క్రీన్ మీద కనబడినప్పుడు నాకు కళ్ళు తడిశాయి. పక్కనున్న తమ్ముడు ఏమైంది మేడమ్ అన్నాడు, చెప్పలేకపోయాను.

ఫీడర్ మాస్టారూ, 429 పద్ధతి పనిచేసింది. టెస్ట్‌లో 160 గేట్‌వేలూ ఇరవై నిమిషాల్లో విడివిడిగా వచ్చాయి. కొత్తగా కొనే గేట్‌వేల్లో మీరు చెప్పినట్టు తాజా రీడింగే ముందు వచ్చేలా రాయిస్తున్నాం. ముందే తెలిసిన లోడుకి టైమ్ పెట్టి పెంచే సౌకర్యం కెడాలో ఉంది, జూన్ 14 రాత్రి నుంచి కోల్డ్ స్టోరేజీల కోసం దాన్ని పెట్టాను. ఇక్కడి తుఫాను హెచ్చరికల కేంద్రం నుంచి బులెటిన్ వస్తే లైవ్ పాడ్‌ల కనీస సంఖ్యని చేత్తోనే పెంచాలని నిర్ణయించుకున్నాం. అది మనిషి చూసి చేయడమే మంచిదనిపించింది.

పెద్ద కస్టమర్ దగ్గరికి నేనే వెళ్ళి చెప్పాను. బ్యాకెండ్ గారు రాసిన మాటే చెప్పాను. 70 కాల్స్ వచ్చిన సూపర్‌వైజర్ కూడా అక్కడే ఉన్నారు, వాళ్ళ మేనేజర్ కంటే ముందు ఆయనే సరే అన్నారు.

తర్వాత పూసపాటిరేగ వెళ్ళాను. ఏం జరిగిందో ఆయనకి మామూలు మాటల్లో చెప్పాను: మీ రీడింగ్ వేరేవాళ్ళ పాత రీడింగుల వెనక ఇరుక్కుంది, ఇకమీదట అలా నిలబడదు అని. టీ ఇప్పించారు. కాసేపు ఆలోచించి ఒక మాట అడిగారు. "నీళ్ళు బాగోకపోతే మీ మిషన్ చెప్తాది, సరే. మీ మిషనే మాట్లాడకపోతే మాకెవలు చెప్తారమ్మా?"

జవాబు నా దగ్గర లేదు. మా అలర్టులన్నీ రీడింగ్ ప్రాసెస్ అయితేనే పుడతాయి. క్యూ నిండినా, వర్కర్ చచ్చినా, సెన్సర్ తీగ తెగినా, ఆయన ఫోన్‌కి ఒక్కటే కనబడుతుంది: నిశ్శబ్దం. తిరిగొచ్చేటప్పుడు బస్సులోనే రాయడం మొదలుపెట్టాను. ఒక చిన్న ప్రోగ్రామ్, కాఫ్కాతో సంబంధం లేకుండా, వేరే మెషీన్ మీద. ప్రతి సెన్సర్‌కీ చివరిసారి ప్రాసెస్ అయిన రీడింగ్ వయసు చూస్తుంది. మూడు నిమిషాలు దాటితే యజమానికి "మీ రీడింగులు మాకు అందడం లేదు, ఒకసారి చూసుకోండి" అని ఫోన్ చేస్తుంది, అదే క్షణం నాకూ చేస్తుంది. ఆ రాత్రి ఇది ఉండి ఉంటే తప్పు మాదైనా సరే, ఒంటి గంటన్నరలోపే ఆయన నిద్ర లేచేవారు.

ఒక్క చిక్కు మిగిలింది. పెద్ద కస్టమర్‌కి టవర్ పోతే 2,400 సెన్సర్లకీ ఒకేసారి వయసు మీరుతుంది, ఆ సూపర్‌వైజర్‌కి మళ్ళీ వందల కాల్స్ పోతాయి. గేట్‌వే వారీగా కలిపి ఒక్క కాల్ చేయాలా, ఊరి వారీగానా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఇలాంటిది ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. జూన్ 14 లోపు పెట్టేయాలి.


పాత_ఫీడర్

ఊరి వారీగా చేయమ్మా. ఫీడర్ పడితే మేం ఇంటింటికీ ఫోన్ చేయం, ఆ ఫీడర్ లైన్‌మన్‌కి ఒక్కడికే చేస్తాం. ఒక ఊళ్ళో గేట్‌వేల్లో సగానికి పైగా ఒకేసారి ఆగితే అది టవరో కరెంటో అయి ఉంటుంది, ఒక్క కాల్ చాలు. ఒకటి రెండే ఆగితే అది ఆ చెరువు సంగతి, ఆ చెరువు మనిషికే చెయ్యి. నీ హేచరీ ఆయన లాంటి చిన్నవాళ్ళకి మాత్రం ఏ సెన్సర్ ఆగినా నేరుగా ఆయనకే వెళ్ళనీ.